ఆదివారం కదలని బండి

ఫిబ్రవరి 13, 1961. సోమవారం

నేను ఏం చేసినా మా ఇంట్లో దానికి ఒకటే అర్థం. చిల్లకూరు సంబంధం తప్పిపోయిందని బెంగ. మూడు రోజులుగా మధ్యాహ్నాలు బండి కొట్టంలో కూర్చుంటున్నాను కాబట్టి బెంగ. అన్నం తక్కువ తిన్నాను కాబట్టి బెంగ. రెండోసారి పెట్టించుకుంటే అదీ బెంగే. పొద్దున అమ్మ వంటింట్లో రెబెక్కమ్మ అత్తతో అంటోంది, నాకు వినపడదనుకుని: "పిల్ల ఆ ఇనప బండి ముందర కూర్చోని ఏడ్చుకుంటా ఉండాది వొదినా. బి.యస్సీ. చదివించినాం గానీ మనసులో మాట చెప్పుకోను ఒక్క మనిషి లేకపోయె."

నేను ఏడవడం లేదు. ప్లగ్గు విప్పి చూస్తున్నాను.

చిల్లకూరు ఆయన గురించి నాకు గుర్తున్నది ఆయన ముందు పళ్ళు రెండూ, కాఫీ సాసర్లో పోసుకుని తాగడమూ. అంతకన్నా బండి గురించే ఎక్కువ తెలుసు. యుద్ధంలో తిరిగిన మోటారు సైకిలు. మిషను దొరగారు స్వదేశం వెళ్ళిపోతూ సంఘానికి ఇచ్చి పోయారు. నాయన దానిమీద పదేళ్ళుగా ప్రతి ఆదివారం ఇక్కడ ఆరాధన ముగించి పట్టపుపాలేనికి పోయి అక్కడ రెండో ఆరాధన చేస్తున్నారు. అంతకు ముందు పదహారేళ్ళు నడిచే పోయారు. ఇప్పుడు యాభై ఎనిమిది. మోకాలు వాచి ఉంది.

నిన్న మళ్ళీ కదల్లేదు. వరసగా మూడో ఆదివారం. నాయన పంచె ఎగగట్టి ఇరవై రెండు సార్లు కిక్కు కొట్టారు, లెక్కపెట్టాను. తర్వాత బైబిలు చంకలో పెట్టుకుని ఇసకలో ఐదు మైళ్ళు నడిచారు. ఆయన చేరేసరికి జనం చూసి చూసి ఇళ్ళకు పోయారట. ఖాళీ గుడిసెలో ఒక్కరే ప్రార్థన చేసుకుని తిరిగొచ్చారు.

అది ఎందుకు కదలదో నాకు తెలియాలి. బెంగ అంటే ఇదే.

ఫిబ్రవరి 14

మధ్యాహ్నం కొంగు బిగించి నేనే కిక్కు కొట్టాను. రెండో దెబ్బకే లేచింది. కొట్టం రేకులు అదిరాయి. అమ్మ పరుగెత్తుకొచ్చింది. స్టార్టయిందని కాదు, నా చీర చక్రంలో పడిందేమోనని.

"నాయన ఇరవై రెండు కొట్టారు, నేను రెండే" అన్నాను.

"మీ నాయనతో అనబాకమ్మే ఆ మాట" అంది.

అనలేదు. ఇక్కడ రాసుకున్నాను.

ఫిబ్రవరి 18, శనివారం

బండి కడిగాను. ఉప్పు బావి నీళ్ళు ఎనిమిది బిందెలు. తాగే నీళ్ళు ఇసక చెలమ నుంచి మోసుకు రావాలి, వాటిని బండికి పోస్తానంటే అమ్మ ఒప్పుకోదు. సబ్బు, కొబ్బరి పీచు. నాయన అయితే పొడిగుడ్డతో ఒక తుడుపు తుడిచి వదిలేసేవారు. జనవరి ఆఖర్లో ఆయనకు నడుం పట్టేసిన దగ్గర్నుంచి ఈ పని నాది. దేవుని పనికి పోయే బండి మట్టితో పోకూడదు. పొద్దుగూకే వేళకు టాంకు మీద నా మొహం కనపడింది. కావలిలో లారీ ఓనర్ల బళ్ళు కూడా ఇంత శుభ్రంగా ఉండవు.

ఫిబ్రవరి 19, ఆదివారం

కదల్లేదు.

జకరయ్య గారు వచ్చి గేటు దగ్గర నిలబడి చూశారు. సంఘ పెద్ద, రైసు మిల్లు ఆయనది, గొంతు కూడా మిల్లులో పెరిగిందే. "అయ్యగారూ, మంగళవారం నేను విన్నా, కదిలింది. బుధవారం మీరు బోగోలు పోయొచ్చినారు, కదిలింది. ఆదివారం మాత్రం కదలదు. ఇనుముకి వారాలు తెలవ్వు గదా. తెలిపేవాళ్ళు ఎవురో ఉండారు" అన్నారు.

నాయన బైబిలు చంకలో పెట్టుకుని నడిచి పోయారు.

ఫిబ్రవరి 20

పన్నెండు గంటలకు ఒక్క దెబ్బకు లేచింది. వేళాకోళంగా ఉంది దీనికి.

ఫిబ్రవరి 23, గురువారం

కావలి. నాయన నడిపారు, నేను వెనక. హజరత్తయ్య గారు ట్రంకురోడ్డు మీద మాగ్నెటోలు, డైనమోలు బాగుచేసే మేస్త్రి. బండిని ఒకసారి కిక్కు కొట్టారు, లేచింది. ఆపేశారు.

"బాగానే ఉండాదే. ఏం చెయ్యమంటారు దీన్ని?"

"ఆదివారం కదలదు" అన్నారు నాయన.

"ఆదివారం నా షాపు సెలవు" అన్నారు ఆయన. నాకు నవ్వొచ్చింది, నాయనకు రాలేదు.

అయినా మాగ్నెటో విప్పారు. నన్ను దగ్గరకు పిలిచి చూపించారు. "దీనికి బ్యాటరీతో పనిలేదు పాపా. తిరిగితే కరెంటు తనే పుట్టిస్తుంది. ఇక్కడ పుడతాది, ఈ లావు వైరులో పోయి ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ అవతాది. రవ్వ లేకపోతే పెట్రోలు అంటుకోదు, బండి లేవదు. అంతే కత."

నేను అయస్కాంతం, తీగచుట్ట, అవి తిరిగితే విద్యుత్తు ఎలా పుడుతుందో సూత్రంతో సహా చెప్పాను. చివరిదాకా విన్నారు. "అంతా కరెక్టే. చేతికి మసి అంటలేదే ఆ చదువులో" అని స్క్రూడ్రైవరు నా చేతికిచ్చారు.

లోపల పాయింట్లని రెండు చిన్న బిళ్ళలు తగులుతూ విడిపోతూ ఉంటాయి. విడిపోయినప్పుడు మధ్యలో సన్నని సందు ఉండాలి, రేకు ముక్క దూర్చి కొలవాలి. మొదటిసారి ఎక్కువైంది. రెండోసారి సరిపోయింది. ఆయన నాయన వైపు తిరిగి, "ఈ పిల్ల చెయ్యి మంచిదయ్యగారూ" అన్నారు. కాలేజీలో ఎన్ని బహుమతులు తెచ్చుకున్నానో, వాటన్నిటికన్నా ఇదే బాగుంది.

ఫిబ్రవరి 25, శనివారం

పాయింట్లు శుభ్రం చేశాను. ప్లగ్గు కొత్తది. బండి కడిగాను. ఈసారి మాగ్నెటో మూలలు, లావు వైరు కింద చేరిన మసి, అన్నీ పీచు పెట్టి తోమాను. ఇక రేపు కదలకపోతే అది బండి కాదు.

ఫిబ్రవరి 26, ఆదివారం

అది బండి కాదు.

సాయంత్రం మా ఇంట్లో కూటం. జకరయ్య గారు ప్రార్థన చేశారు. "ప్రభువా, నీ దినానే నీ సేవకుడి వాహనం ఆగిపోతా ఉండాది. ఈ గడపలో నీకు ఇష్టం లేనిది ఏదన్నా ఉంటే బయటపెట్టు." గడప అనేటప్పుడు కళ్ళు తెరిచారు. నేనూ తెరిచే ఉన్నాను కాబట్టి చూశాను. నా వైపే.

తర్వాత చాప మీద కూర్చుని కాఫీ తాగుతూ చెప్పారు. ఈస్టరు ముందటి మట్టల ఆదివారం, మార్చి ఇరవై ఆరున, సంఘం మీటింగు. బండి ఇట్లానే ఉంటే పట్టపుపాలేనికి వేరే బోధకుణ్ణి పెట్టాలని పెద్దల ఆలోచన. "అయ్యగారికి విశ్రాంతి" అన్నారు.

పట్టపుపాలెం సంఘం నాయన కట్టింది. మొదటి గుడిసెకు తాటాకు ఆయనే మోశారు. విశ్రాంతట.

మార్చి 1

అమ్మ ఉపవాసం మొదలుపెట్టింది. మూడు రోజులు. నన్నూ ఉండమంది. నేను ఉంటే బెంగతో మానేశానంటారు కాబట్టి ఉండలేదు.

మార్చి 3

పాయింట్లు మళ్ళీ సరిచేశాను. మాగ్నెటో, వైరు పొడిగుడ్డతో తుడిచాను. అమ్మ ఉపవాసం ముగిసింది.

మార్చి 4, శనివారం

రెబెక్కమ్మ అత్తకు కళ్ళద్దాలు కావాలని నెల్లూరు పోయాం. రైలు ఆలస్యం. ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టారు. దేనికీ తీరిక లేకపోయింది. బండి మట్టితోనే ఉంది. సిగ్గుగా ఉంది.

మార్చి 5, ఆదివారం

మొదటి దెబ్బకే.

నాయన రెండోసారి కొట్టడానికి కాలు ఎత్తి అట్లాగే నిలబడిపోయారు. బండి కదులుతుంటే వెనక్కి తిరిగి నన్ను చూశారు.

నేను పెట్టిన సందు. శుక్రవారం సరిగ్గా పెట్టాను. ఇంకేం కాదు.

అమ్మ మటుకు "మూడు దినాలు ఊరికే పోలేదు" అనుకుంటోంది. పైకి అనలేదు. నేనూ అనలేదు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ ఎవరి గొప్ప వాళ్ళం దాచుకున్నాం.

మార్చి 11, శనివారం

పోయిన వారం బాకీ కూడా కలిపి కడిగాను. పది బిందెలు. ముద్దొస్తోంది.

మార్చి 12, ఆదివారం

లేదు.

మార్చి 13

అన్న నిన్నటి నుంచి ఇక్కడే ఉన్నాడు. బిట్రగుంట రైల్వే ఆఫీసులో గుమాస్తా, ఇంజను కూత విన్నంత మాత్రాన ఇంజన్లన్నీ తెలుసనుకుంటాడు. భోజనం దగ్గర, "ఏందిమే సామ్రాజ్యం, నీ చెయ్యి మంచిదన్నాడంట గదా మేస్త్రి. ఆ మంచి చెయ్యి కొంచెం దూరంగా పెట్టి చూడు, బండి లేస్తాదేమో" అన్నాడు.

"ఏ రోజు ఏం చేశానో అన్నీ రాసి ఉన్నాయి. తప్పు ఎక్కడుందో చూపించు" అన్నాను.

"నీ పుస్తకం నేనెందుకు చూస్తాను తల్లీ" అని చెయ్యి కడుక్కున్నాడు.

వాడికి చూపించడానికే మొదటి నుంచీ చదివాను. ఏ శనివారం ఏం చేశాను, ఏ ఆదివారం ఏమైంది, ఒక కాగితం మీద రెండు వరసలుగా రాశాను.

కడిగాను, కదల్లేదు.
కడిగాను, కదల్లేదు.
నెల్లూరు పోయాం, కదిలింది.
కడిగాను, కదల్లేదు.

ఈ పుస్తకం మొదలుపెట్టక ముందు మూడు ఆదివారాలూ అంతే. జనవరి ఆఖర్న నాయన నడుం పట్టేసింది. జనవరి ఆఖర్న బండి ఆగడం మొదలైంది. మధ్యలో ఉన్నది నేను.

ఉప్పు నీళ్ళలో కరెంటు పారుతుందని పరీక్షలో రాసి నూటికి ఎనభై ఒకటి తెచ్చుకున్నదాన్ని.

కాగితం అన్నకు చూపించలేదు. మధ్యాహ్నం రైలుకి పోయాడు.

మార్చి 14

రుజువు కావాలి. ఊరికే అనుకుంటే జకరయ్య గారికీ నాకూ తేడా లేదు.

కొట్టం తలుపు మూసి, కిటికీకి గోనె సంచులు కట్టాను. ప్లగ్గు విప్పి, వైరు తగిలించే ఉంచి, ఇంజను మీద పడుకోబెట్టాను. ప్లగ్గు లేకపోతే ఇంజను తేలిగ్గా తిరుగుతుంది, కిక్కు చేత్తో నొక్కినా చాలు. ప్లగ్గు కొనన నీలం రవ్వ టపటపా వచ్చింది. తర్వాత ఉప్పు బావి నీళ్ళు దోసెడు వైరు మీద చల్లాను. కిక్కు తొక్కుతూ వైరు దగ్గరగా చూడటం ఒక్కదాని వల్ల కావడం లేదు. అప్పుడే అమ్మ తలుపు తోసుకుని వచ్చింది.

"పట్టపగలు చీకటి చేసుకోని ఏం చేస్తా ఉండావమ్మే?" గొంతులో భయం.

"తలుపు మూసి ఇటు రా. ఇది కిందికి తొక్కు."

"నేనా?"

"నువ్వే."

చెప్పులు విడిచి, దండం పెట్టుకున్నట్టు ఒక్క క్షణం ఆగి, తొక్కింది. ప్లగ్గు దగ్గర ఏమీ లేదు. వైరు మధ్యలో, రబ్బరు పగిలి బీటలిచ్చిన చోట, నీలం పురుగు ఒకటి పాకి ఇంజను మీదికి దూకింది. మళ్ళీ తొక్కింది. మళ్ళీ పాకింది.

అమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "సాతానా?"

"ఉప్పు" అన్నాను.

చెలమ నీళ్ళు కూడా ఒక గ్లాసు తెప్పించాను. తుడిచి ఆరబెట్టి అవి చల్లితే ప్లగ్గు దగ్గర రవ్వ వచ్చింది, కొంచెం పాలిపోయి. పూర్తిగా ఆరబెడితే మళ్ళీ నీలంగా వచ్చింది. శనివారం సాయంత్రం పోసిన ఉప్పు నీళ్ళు తెల్లారేసరికి ఆరవు. సోమవారం మధ్యాహ్నానికి రేకుల వేడికి ఆరిపోతాయి. ఇందులో వారాలు తెలిసింది ఇనుముకు కాదు, నాకు.

అమ్మ బయటికి పోతూ గుమ్మంలో నిలబడింది. "అయితే ఇన్నాళ్ళూ నువ్వు ఏడవలేదా?"

"లేదు."

కొంచెం నిరాశపడ్డట్టుంది.

మార్చి 15

ఎవరికీ చెప్పక్కర్లేదు. కడగడం మానేస్తే చాలు. బండి ప్రతి ఆదివారం లేస్తుంది, మీటింగు దానంతట అదే చల్లబడుతుంది. అమ్మ చూసింది గానీ కడిగింది నేనన్న సంగతి ఆమెకు తట్టలేదు. నాకు పేరు రాకపోవచ్చు, పోనీ. పేరు కోసం చెయ్యలేదు.

మార్చి 16

పేరు కోసం కూడా చేశాను. ఇక్కడ అబద్ధం రాసి ఎవరిని మోసం చెయ్యాలి.

మార్చి 19, ఆదివారం

నిన్న పొడిగుడ్డతో తుడిచి వదిలేశాను. ఇవాళ మొదటి దెబ్బకే. నాయనతో పాటు నేనూ పట్టపుపాలెం పోయాను. గుడిసె నిండా జనం, బయట ఇసకలో కూడా. బాగా జరిగింది.

బయటికి వచ్చాక, బండి చేరిందో లేదో చూడ్డానికి వచ్చిన జకరయ్య గారు అందరి ముందూ నాయన చెయ్యి పట్టుకున్నారు. "విడిచిపోయింది అయ్యగారూ. ఒప్పుకున్నారేమో, ప్రభువు విడిపించినాడు."

"ఏం ఒప్పుకోవాల?" అని ఒక ముసలాయన అడిగాడు.

"అది వాళ్ళ ఇంటి సంగతి మనకెందుకు. మళ్ళా రాకుండా ఉంటే చాలు. మీటింగు మాత్రం మీటింగే."

నాయన మొహం చూశాను. జనం తలదించుకుని పక్కకు తప్పుకుంటున్నారు. ఇరవై ఆరేళ్ళలో ఆ ఊళ్ళో ఎవరూ ఆయన్ని చూసి అట్లా తప్పుకోలేదు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని లేచిపోయారు.

అంటే బండి లేచినా పోదు. కారణం చెప్పేదాకా మా ఇంట్లో ఏదో పాపం ఉన్నట్టే. కారణం చెప్పాలంటే నేను కడిగానని చెప్పాలి.

సరే.

మార్చి 23, గురువారం

ఒక్కదాన్నే బస్సులో కావలి పోయాను. కొత్త వైరు తీసుకున్నాను. మేస్త్రికి మొత్తం చెప్పాను, రెండు వరసల కాగితం చూపించాను. నవ్వారు, కళ్ళు తుడుచుకునేంత నవ్వారు. తర్వాత నవ్వు ఆగిపోయింది. కాగితం ఇంకోసారి చూశారు.

"సముద్రం పక్క బళ్ళు నా దగ్గరికి చానా వస్తాయి పాపా. పదైదు మైళ్ళు ఎండలో వచ్చేసరికి ఆరిపోయి బాగుంటాయి. నేను పాయింట్లు గీకి పంపిస్తా. మళ్ళా వస్తాయి. ఇరవై ఏళ్ళుగా ఇదే పని. బండి ఎప్పుడు కడిగినారు, ఏ నీళ్ళతో కడిగినారు అని ఒక్కణ్ణి కూడా అడగలా నేను."

పక్కన బల్ల మీద సామాను ఒక వైపుకి జరిపారు. "ఈ పక్క ఖాళీగానే ఉంటాది. ఊరికే చెప్తా ఉండా."

బస్సులో కిటికీ సీటు దొరికింది. ఊరు దాటి పోయాక గుర్తొచ్చింది దిగాలని, మైలు వెనక్కి నడిచాను.

మార్చి 26, మట్టల ఆదివారం

చేతులు ఇంకా నాయన మోకాలికి రాసిన నీలగిరి నూనె వాసన, గ్రీజు వాసన కలిపి వస్తున్నాయి. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆరాధన అయ్యాక పెద్దలు చర్చి పంచలో కూర్చున్నారు. నాయన నిలబడ్డారు. జకరయ్య గారు మొదలుపెట్టబోతుంటే నేను లేచి, "బండి విషయం నేను చెప్తాను" అన్నాను.

"కూర్చోమ్మా, నాయన చెప్తాడు" అన్నారు జకరయ్య గారు.

"నాయనకు తెలీదు. ఎవరికీ చెప్పలేదు. అందరూ బయటికి రండి."

ముందు అన్న లేచాడు, మట్టల ఆదివారానికని వచ్చి ఉన్నాడు. ఎందుకో తెలీదు. వాడు లేచాడని మిగతావాళ్ళు లేచారు.

బండి వేపచెట్టు నీడలో ఉంది. పాత వైరు మార్చకుండా అట్లాగే ఉంచాను. జకరయ్య గారిని కిక్కు కొట్టమన్నాను. ఉత్తరీయం తీసి పక్కవాడికిచ్చి కొట్టారు, లేచింది. ఆపేసి, ఉప్పు బావి నీళ్ళు ఒక చెంబు వైరు మీద పోశాను. "ఇప్పుడు కొట్టండి."

పది కొట్టారు. పదిహేను. మిల్లు గొంతు పోయి ఆయాసం మిగిలింది.

"ఇవాళ ఆదివారం కాబట్టి లేవలేదా, నీళ్ళు పడ్డాయి కాబట్టి లేవలేదా?" అన్నాను.

పాత వైరు విప్పి బీటలు వాళ్ళ కళ్ళ ముందు వంచి చూపించాను. కొత్త వైరు వేశాను. నాలుగు నిమిషాలు పట్టింది. అదే బావి నీళ్ళు దాని మీద రెండు చెంబులు పోసి నేనే కొట్టాను. రెండో దెబ్బకు లేచింది. లేచిన బండి పక్కనే నిలబడి చెప్పాను, చప్పుడు మించి వినపడేట్టు: "జనవరి నుంచి ప్రతి శనివారం ఉప్పు నీళ్ళతో కడిగింది నేను. బండి ఆగింది నా వల్ల. మా ఇంట్లో పాపం ఏమీ లేదు, ఉప్పుంది. కారణం పట్టుకున్నది కూడా నేనే."

జకరయ్య గారు ఉత్తరీయం తీసుకుని మొహం తుడుచుకున్నారు. "మా మిల్లు మోటారు కూడా ఆ బావి నీళ్ళతోనే కడిగిస్తా ఉండానే" అన్నారు, ఎవరితోనో కాదు. తర్వాత పెద్దల వైపు తిరిగి, "పట్టపుపాలేనికి టైము అయింది. అయ్యగారు పోవాల" అన్నారు. మీటింగు అంతే.

నాయన బండెక్కి నన్ను చూశారు. "తప్పు నీదని అంతమందిలో చెప్పకపోయినా పని జరిగేదేమో" అన్నారు.

"జరిగేది కాదు" అన్నాను.

కొంచెం ఆలోచించి "కాదు" అన్నారు.

నేను గట్టిగా చెప్పానని అక్కడ ఎవరికీ అనిపించి ఉండదు, బండి చప్పుడులో అంతా మామూలుగానే వినపడి ఉంటుంది. కానీ నాకు తెలుసు, నా జీవితంలో ఇంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు.

మార్చి 28

అమ్మ రెబెక్కమ్మ అత్తతో: "తేరుకునింది వొదినా. ఇంక సంబంధాలు చూడచ్చు."

అన్న బిట్రగుంట నుంచి కార్డు రాశాడు. టీచరు ట్రైనింగుకు దరఖాస్తు ఫారాలు పంపిస్తాడట, లెక్కల టీచర్లు కావాలట, నాకు నచ్చుతుందట.

మార్చి 30

కొత్త వైరు వేశాక బండికి చేసేది ఏమీ లేదు. కొట్టంలో కూర్చుంటే తోచడం లేదు.

మార్చి 31

ఏప్రిల్ మూడో తేదీ సోమవారం నుంచి కావలిలో హజరత్తయ్య గారి షాపులో పనికి పోతాను. మాగ్నెటోలు, డైనమోలు చుట్టడం నేర్చుకుంటాను. తొమ్మిది గంటల బస్సు. మేస్త్రికి కార్డు రాశాను. నాయనకు, అమ్మకు భోజనాల దగ్గర చెప్పాను.